లొరెట్టా లిన్: ఒక గృహిణి పాట

అమెరికాలో పల్లెప్రజల పాటలనుండి పుట్టి పెరిగిన సంగీతమును ‘కంట్రీ’ సంగీతమందురు. అందు మిక్కిలి కీర్తిగన్న గాయని లొరెట్టా లిన్ 2022 వ సంవత్సరము అక్టోబరు 4 వ తేదీన తన తొంబదవయేట కాలధర్మము నొందెను. ఆమెను కొందఱు తిరుగుబాటుకత్తె యనిరి. కొందఱు ఓర్పుగల యిల్లాలనిరి. ఈ రెంటిలో నేది తగునో మా సోదరీమణులతో గూడి విచారింప దలచితిమి.

కెంటకీ రాష్ట్రమున బుచర్ హాలో యను కొండపల్లెలో 1932 వ సంవత్సరమున నామె జన్మించెను. తండ్రి బొగ్గుగనిలో కూలి. ఎనమండ్రు బిడ్డలలో నీమె రెండవది. 1948 లో పెండ్లియై, భర్తతో దూరముననున్న వాషింగ్టన్ రాష్ట్రమునకు కాపురమేగెను. ఇంటిలో నామె పాడుకొను పాటలు విని భర్త యొక గిటారు కొనియిచ్చెను. బిడ్డలను పెంచుకొనుచునే యామె దానిని తనంత తానే నేర్చెను. 1960 లో మొదటి రికార్డు వెలువడగా, దంపతులు కారులో ఊరూరు తిరిగి రేడియో నిలయములవారికి దానిని స్వయముగ నందించిరి.

త్రాగి యింటికి రావలదని మగనిని హెచ్చరించు నామె పాట 1967 లో కంట్రీ పాటల పట్టికయందు ప్రథమస్థానము నందెను. 1972 లో కంట్రీ సంగీత సంఘమువారి ‘ఆ యేటి మేటి కళాకారుడు’ అను గౌరవము మొట్టమొదటిసారిగ నొక స్త్రీకి, ఈమెకే, దక్కెను. 1975 లో వెలువడిన ‘ది పిల్’ అను పాట గర్భనిరోధక మాత్రను గూర్చినది. ఏటేట ప్రసవములతో నలసిన యిల్లాలు అందు మాటలాడును. పెక్కు రేడియో నిలయములు దానిని ప్రసారము చేయ నిరాకరించెను. అయినను ఆ పాట పట్టికయందు ఐదవస్థానమున కెక్కెను.

భర్త త్రాగుటను, పరస్త్రీ వ్యామోహమును ఆమె లోకమునకు దాచలేదు. అయినను 1996 లో నాతడు మరణించువఱకు కాపురము విడువలేదు. పాట యొకటి, బ్రతుకొకటి యని యాక్షేపించువారున్నారు. మాకట్లు తోపలేదు. ఇంటిలోనుండియే నోరు విప్పుట సులభమా? అట్లని యామె యోర్పును జూపి, మీరును ఇట్లే సహింపుడని యాడుబిడ్డలకు బోధించుటయు తగదు. ఆమె సహించినది మాత్రమే చెప్పి, పాడినది మఱచుట ఆమెకు చేయు నన్యాయము.

మఱియొక యాక్షేపణ కలదు. 1976 నాటి స్వీయచరిత్రమున నామె తనకు పదుమూడవయేట పెండ్లియైనదని చెప్పెను. ఆమెకప్పుడు పదునైదేండ్లని 2012 లో బయల్పడిన జనన పత్రము తెలిపెను. వయసు తక్కువ చెప్పుట మేమొప్పము. కాని పదునైదేండ్ల పిల్ల పుట్టినిల్లు విడిచి దూరదేశమున సంసారము మోయుట మాత్రము చిన్న కష్టమా?

2013 లో అధ్యక్షుడు ఒబామా ఆమెకు స్వాతంత్ర్య పతకము నొసగెను. అంతటి గౌరవములు పొందియు నామె తన పుట్టుక మఱువలేదు. తిరుగుబాటుకత్తె, ఓర్పుగల యిల్లాలు అను పేళ్లు రెండును పరులు పెట్టినవి. తన బ్రతుకునే పాటగా కట్టి 1970 లో వెలువరించి, దానికామె ‘బొగ్గుగని కూలివాని కూతురు’ అని పేరిడెను. మాకీ పేరే తగియున్నది.