అరుదైన విస్కీ: నాలుక చెప్పేదెంత, కార్బన్ చెప్పేదెంత?

1689లో బయలుదేరి సూరత్‌కు వచ్చిన ఆంగ్లేయ మతాధికారి జాన్ ఓవింగ్టన్, ఆ నగరం గురించి రాసిన యాత్రా గ్రంథంలో వర్తకం, వేషభాషలు, మతాచారాలతో పాటు ఒక చిన్న పోలికను కూడా నమోదు చేశాడు. గోవా సారానూ, బెంగాల్ సారానూ ఐరోపావాసులు పంచ్ అనే పానీయం కలుపుకోవడానికి వాడుతున్నారనీ, రెండింటిలో బెంగాల్ సరుకుదే ఘాటు ఎక్కువనీ దాని సారాంశం. అంతకు యాభై ఏళ్ల ముందు, 1638లో, ఇదే నగరానికి వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో కూడా సారాలో గులాబీ పన్నీరు, నిమ్మరసం, చక్కెర కలిపే పద్ధతిని వర్ణించాడు. మద్యాలను రుచి చూసి, పోల్చి, రాసిపెట్టే అలవాటు సూరత్‌లో అంత పాతది.

నేటి సూరత్‌లో పర్మిట్ లేకుండా ఆ పని చేయడం నేరం. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం, 1960 మే 1న గుజరాత్ ఏర్పడినప్పటి నుంచి ఆ రాష్ట్రంలో కొనసాగుతూ వచ్చింది. అదే సమయంలో బయటి ప్రపంచంలో పాత విస్కీ సీసాలు స్థిరాస్తుల్లా చేతులు మారుతున్నాయి. 2023 నవంబరులో లండన్‌లోని సోథబీస్ వేలంలో 1926 నాటి మకాలన్ సీసా ఒకటి సుమారు 22 లక్షల పౌండ్లు పలికింది. అంత సొమ్ము పోసి కొన్న సీసాలో ఉన్నది అసలు సరుకేనని ఎలా తెలుస్తుంది? ఓవింగ్టన్‌లా రుచి చూసి చెప్పగలమా? నాలుక, ముక్కు దేనికి సాక్ష్యం చెప్పగలవు, దేనికి చెప్పలేవు అన్నది విజ్ఞానశాస్త్రం ఇప్పుడు చాలావరకు తేల్చింది.

గ్లాసులో ఉన్నదేమిటి?

విస్కీ తయారీలో ప్రధానంగా మూడు దశలు. మొలకెత్తించిన బార్లీలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, ఆ చక్కెరను ఈస్ట్‌తో పులియబెట్టి ఆల్కహాలుగా మార్చడం మొదటిది. పొద్దున దింపిన తాటికల్లు మధ్యాహ్నానికి పులిసి ఘాటెక్కడం చూసినవారికి ఇది తెలిసిన సంగతే. పులిసిన ద్రవాన్ని రాగి పాత్రల్లో బట్టీపెట్టడం రెండో దశ. అప్పుడు వచ్చే ద్రవం నీళ్లలా రంగు లేకుండా ఉంటుంది. దాన్ని ఓక్ చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి నిల్వ ఉంచడం మూడోది. స్కాచ్ విస్కీ అనిపించుకోవాలంటే కనీసం 3 ఏళ్లు పీపాలో ఉండాలి.

గ్లాసులో అత్యధిక భాగం నీరు, ఇథనాల్. మిగిలిన అతి స్వల్ప భాగంలోనే వందల రకాల పదార్థాలు ఉంటాయి. విస్కీకి గుర్తింపు ఇచ్చేవి అవే. అరటిపండు వాసన ఈస్ట్ తయారుచేసే ఐసోఅమైల్ అసిటేట్‌ది. వనిల్లా పరిమళం, వేడి తగిలిన ఓక్ చెక్కలోని లిగ్నిన్ విడిపోగా వచ్చే వనిల్లిన్‌ది. కొబ్బరి వాసన ఓక్‌లోని లాక్టోన్‌లది. కొన్ని స్కాచ్ విస్కీల్లో వచ్చే పొగ వాసనకు కారణం గ్వాయకాల్, దాని బంధువులు. చిత్తడినేలల్లో సగం కుళ్లి పేరుకున్న పీట్‌ను కాల్చి, ఆ పొగతో బార్లీని ఆరబెట్టినప్పుడు అవి గింజకు పడతాయి.

నాలుక గుర్తించేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే ఐదింటినే. మిగతాదంతా ముక్కు పని. మనిషి ముక్కులో దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. మింగినప్పుడు ఆవిర్లు గొంతు వెనక నుంచి ముక్కులోకి చేరతాయి. మనం రుచి అనుకునేది ఎక్కువగా ఆ దారిలో వచ్చిన వాసనే. జలుబు చేసినప్పుడు పప్పుచారు చప్పగా అనిపించేది అందుకే.

విస్కీ గొంతులో మండటానికి కారణం మాత్రం రుచీ కాదు, వాసనా కాదు. అది టీఆర్‌పీవీ1 అనే వేడి గ్రాహకం పని. గుంటూరు మిరపలోని క్యాప్సైసిన్ తట్టి లేపేది కూడా దీన్నే. ఈ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మామూలుగా ఇది సుమారు 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్పందిస్తుంది. ఇథనాల్ ఆ గీతను దాదాపు 34 డిగ్రీలకు దించుతుంది. అంటే మన ఒంటి సొంత వేడే మనకు మంటగా తోస్తుంది.

పోల్చడం కూడా ప్రయోగమే

రెండు విస్కీల మధ్య తేడా నిజంగా తెలుస్తోందా, తెలుస్తోందని అనుకుంటున్నామా? దీన్ని తేల్చడానికి ఆహార శాస్త్రవేత్తలు వాడే పద్ధతి త్రికోణ పరీక్ష. మూడు గ్లాసులు పెడతారు. రెండింట్లో ఒకే ద్రవం, మూడోదానిలో వేరేది. ఏది వేరో చెప్పాలి. కళ్లు మూసుకుని ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది. కాబట్టి ఒకటి రెండు సార్లు సరిగ్గా చెప్పడం ఏమీ రుజువు చేయదు. అదే 12 సార్లలో 8 సార్లో అంతకన్నా ఎక్కువో సరిగ్గా చెబితే, అది ఉత్తి ఊహ అయ్యే అవకాశం 2 శాతం లోపే. రుచి చూడటంలో నేర్పు ఉందా లేదా అన్న వాదనను ఇలా లెక్కతో తేల్చవచ్చు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే కన్ను ముక్కును సులభంగా మోసం చేస్తుంది. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి ఇచ్చారు. వారు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ధర కూడా ఇలాగే పనిచేస్తుంది. 2008లో అమెరికా పరిశోధకులు ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, మరోసారి 90 డాలర్లదని చెప్పి మెదడును స్కాన్ చేశారు. ఖరీదైనదని చెప్పినప్పుడు అది ఎక్కువ నచ్చిందనడమే కాదు, ఆనందానుభూతితో ముడిపడిన మెదడు భాగంలోనూ చురుకుదనం పెరిగింది. వారు అబద్ధమాడలేదు. ధర తెలిసిన మెదడుకు రుచే మారింది. అరుదైన సీసా మీద ఉన్న చీటీకి ఉన్న బలం ఇదే.

అందుకే వృత్తి నిపుణులు పరీక్షల్లో రంగు కనబడని నీలి గాజు గ్లాసులు వాడుతుంటారు. స్కాచ్‌లో రంగు కోసం క్యారమెల్ కలపడానికి చట్టం అనుమతిస్తుంది కనుక, ముదురు రంగును చూసి వయసు అంచనా వేయడం కుదరదు. బ్లెండర్లు పనిలో ఎక్కువగా వాసనే చూస్తారు, తాగరు.

కొద్దిగా నీళ్లు కలిపితే విస్కీ పరిమళం విచ్చుకుంటుందన్న నమ్మకానికీ శాస్త్రీయ ఆధారం ఉంది. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటర్ అనుకరణలతో గ్వాయకాల్ అణువుల కదలికను పరిశీలించారు. ఇథనాల్ గాఢత ఎక్కువగా ఉంటే ఆ అణువులు ద్రవం లోపల చిక్కుకుంటాయి. నీరు చేరి గాఢత 45 శాతానికి లేదా అంతకు దిగువకు వస్తే ఉపరితలానికి చేరతాయి. అక్కడి నుంచి ముక్కును చేరడం తేలిక. అయితే దానికీ హద్దుంది. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 25 రకాల విస్కీలతో చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, నీటి వాటా 20 శాతం దాటాక విస్కీల మధ్య తేడాలు చెరిగిపోవడం మొదలైంది.

దేవదూతల వాటా

అరుదైన విస్కీ ధరను నిర్ణయించేవాటిలో వయసు ముఖ్యమైనది. కానీ వయసు అంకె ఒక్కటే రుచికి కొలత కాదని మన దేశపు ఎండలు రుజువు చేశాయి. పీపాలోని ద్రవం చెక్క సందుల్లోంచి నెమ్మదిగా ఆవిరవుతుంది. ఈ నష్టాన్ని స్కాట్లండ్‌లో ‘దేవదూతల వాటా’ అంటారు. అక్కడ అది ఏడాదికి సుమారు 2 శాతం. బెంగళూరులో 1948లో స్థాపించిన అమృత్ డిస్టిలరీస్‌లో 10 నుంచి 12 శాతం.

చక్రవడ్డీని తిరగేసి లెక్క కడితే తేడా స్పష్టమవుతుంది. 12 ఏళ్ల తర్వాత స్కాట్లండ్ పీపాలో దాదాపు 78 శాతం మిగులుతుంది. ఏటా 11 శాతం పోయే బెంగళూరు పీపాలో మిగిలేది 25 శాతం. అయితే వేడి నష్టాన్ని మాత్రమే పెంచదు. చెక్క నుంచి పదార్థాలు దిగడమూ, రసాయన చర్యలూ వేగవంతమవుతాయి. అందుకే నాలుగైదేళ్ల భారతీయ విస్కీ, అంతకు చాలా ఎక్కువ ఏళ్లు చలిదేశంలో గడిపిన విస్కీతో పోటీకి నిలవగలుగుతోంది. అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో గ్లాస్గోలోనే, అంటే విస్కీ పుట్టింట్లోనే, విడుదల చేసింది. 2013లో తెచ్చిన 8 ఏళ్ల విస్కీకి ‘గ్రీడీ ఏంజెల్స్’, అంటే ‘అత్యాశ దేవదూతలు’ అని పేరు పెట్టింది. బెంగళూరులో 8 ఏళ్లు ఆగడమంటే సగానికి పైగా గాలికి వదులుకోవడమే మరి.

బాంబు వేసిన తేదీ ముద్ర

ఇక అసలు ప్రశ్న: సీసా మీద రాసిన సంవత్సరం నిజమేనా?

2017లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో, వాల్డ్‌హౌస్ అమ్ జే అనే హోటల్లో 1878 నాటి మకాలన్‌గా చెప్పిన సీసా నుంచి ఒక చిన్న గ్లాసును ఓ అతిథి 9,999 స్విస్ ఫ్రాంకులకు కొన్నారు. అనుమానం రుచి వల్ల రాలేదు. పత్రికల్లో వచ్చిన ఫోటోలో సీసా బిరడాను, చీటీని చూసిన నిపుణులకు వచ్చింది. నమూనాను ఆక్స్‌ఫర్డ్‌కు పంపితే, అది 1970-72 మధ్య తయారైనదయ్యే అవకాశం 95 శాతమని తేలింది. హోటల్ ఆ అతిథికి డబ్బు తిరిగి ఇచ్చింది.

ఈ తేదీ ఎలా తెలిసింది? విశ్వకిరణాల వల్ల వాయుమండలంలో కొద్ది మొత్తంలో కార్బన్-14 నిరంతరం పుడుతూ ఉంటుంది. బార్లీ మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో పాటు దాన్నీ పీల్చుకుంటుంది. కోతతో ఆ ఖాతా మూతపడుతుంది. ఆ గింజ నుంచి వచ్చిన ఇథనాల్‌లో ఆ ఏటి కార్బన్-14 నిష్పత్తి నిలిచిపోతుంది. కార్బన్-14 అర్ధాయువు సుమారు 5,730 ఏళ్లు. కాబట్టి వందేళ్లలో తగ్గేది 1.2 శాతమే. దీంతో దశాబ్దాల తేడాను పట్టడం కష్టం. సాయం మరో వైపు నుంచి వచ్చింది. 1950ల మధ్య నుంచి జరిగిన అణుబాంబు పరీక్షలు వాయుమండలంలో కార్బన్-14ను కుమ్మరించాయి. ఉత్తరార్ధగోళంలో దాని స్థాయి 1960ల మధ్యకల్లా దాదాపు రెట్టింపైంది. 1963 నాటి పాక్షిక పరీక్షల నిషేధ ఒప్పందం తర్వాత సముద్రాలు, మొక్కలు దాన్ని పీల్చుకోవడంతో తగ్గుతూ వచ్చింది. ఈ ఎగుడుదిగుడు గీతలో దాదాపు ప్రతి ఏడాదికీ ఒక చోటుంది. ‘1900’ అని రాసిన సీసాలో బాంబు కార్బన్ కనబడితే వాదన అక్కడితో సరి.

స్కాట్లండ్ విశ్వవిద్యాలయాల పర్యావరణ పరిశోధన కేంద్రం 2018లో 55 అరుదైన సీసాలను ఇలా పరీక్షించింది. వాటిలో 21 నకిలీవో, చీటీ మీద ఉన్న ఏట తయారుకానివో అని తేలింది.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. గీత ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి ఒకే విలువ వస్తుంది. రెండింట్లో ఏదో తేల్చడానికి వేరే ఆధారం కావాలి. 1950లకు ముందటి సీసాను పాతదని చెప్పగలరు గానీ, ఏ దశాబ్దానిదో చెప్పడం కష్టం. మరో చిక్కు ఇప్పుడు ఎదురవుతోంది. బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్ల నాటివి. వాటిలో కార్బన్-14 మిగలలేదు. వాటి పొగ గాలిలోని కార్బన్-14ను పలుచన చేస్తూ, ఇటీవలి ఏళ్లలో దాన్ని బాంబులకు ముందటి స్థాయికి దించింది. అంటే ఇప్పటి బార్లీతో చేసిన నకిలీని బాంబులకు ముందటి విస్కీ నుంచి ఈ ఒక్క కొలతతో వేరు చేయడం రానురాను కష్టం. వాతావరణ మార్పు మోసగాడికి కూడా పనికొస్తోంది.

సూరత్‌కు తెలిసిన పాఠం

కంటితో తేల్చలేనిదాన్ని పరికరంతో తేల్చాలన్న మాట సూరత్‌కు ఎవరూ నేర్పనక్కర్లేదు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో అత్యధిక భాగం ఆ నగరం చేతుల మీదుగానే వెళ్తుంది. గనిలో దొరికిన వజ్రమూ, ప్రయోగశాలలో పెంచిన వజ్రమూ రెండూ కార్బనే. ఎంత అనుభవమున్న కన్నైనా వాటిని నమ్మకంగా వేరు చేయలేదు. అతినీలలోహిత కాంతిలో మెరిసే తీరు, వర్ణపటంలోని జాడలు చూసే యంత్రాలే ఆ పని చేస్తాయి.

సీసాల విషయంలో ఇది శ్రీమంతుల సరదాతో ఆగే ప్రశ్న కాదు. 2009 జూలైలో అహ్మదాబాద్‌లో కల్తీసారా వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 2022 జూలైలో అదే రాష్ట్రంలోని బోటాద్ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. వారు తాగింది మిథనాల్. వాసనలోనూ, ఘాటులోనూ అది ఇథనాల్‌ను పోలి ఉంటుంది. ఒంట్లో అది ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారి మొదట కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు తరచూ 12 నుంచి 24 గంటల తర్వాత గానీ బయటపడవు. చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందు, డయాలసిస్ సకాలంలో అందితే ప్రాణం దక్కుతుంది. ప్రయోగశాలలోని గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఈ రెండు ఆల్కహాళ్లను నిమిషాల్లో విడదీసి చూపిస్తుంది. నాలుకకు ఆ శక్తి లేదు. అసలు సరుకైనా మేలు చేసేదేం కాదు. మద్యపానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

గోవా సారా కంటే బెంగాల్ సారా ఘాటైనదని ఓవింగ్టన్ చెప్పగలిగాడు. అది ముక్కు, నాలుక చెప్పగల విషయమే. ఏది నచ్చింది, దేనిలో పొగ వాసన ఉంది, దేనిలో కొబ్బరి వాసన ఉంది అన్నవీ అవే చెప్పాలి, ఏ యంత్రమూ చెప్పదు. ఇది ఏ ఏటిది, ఎవరు చేసింది, ప్రాణానికి ముప్పుందా అన్న ప్రశ్నలు మాత్రం ప్రయోగశాలకు వెళ్లాల్సినవి.