బడిగంట కొట్టకముందు మన ఇళ్లలో

పొద్దున ఎనిమిదిన్నర అయ్యేసరికి మా ఇంటి ముందు నుంచి పిల్లలు బడికి వెళుతుంటారు. కొందరు తల దువ్వుకుని, సంచి భుజాన వేసుకుని, కబుర్లు చెప్పుకుంటూ వెళతారు. కొందరు కళ్లు నులుముకుంటూ, చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ, వెనక నుంచి తల్లి కేకలు వేస్తుంటే పరుగెత్తుతారు. ఈ రెండు రకాల పిల్లలూ మా ఇంట్లోనే పెరిగారు. పెద్దమ్మాయిని మేము రెండో రకంగానే పంపాం. చిన్నవాడి నాటికి కాస్త నేర్చుకున్నాం.

పాల్వంచ దాటి భద్రాచలం వైపు వచ్చే దారిలో, అడవి అంచున మా ఊరు. సంఘంలో సగం కోయ కుటుంబాలు, మిగతావారు కూలి చేసుకునేవారు, కౌలు రైతులు. క్రిందటి నెల స్త్రీల కూడికలో ఒక యౌవన తల్లి, "పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో వేస్తున్నాం, ఏమేమి చూసుకోవాలక్కా?" అని అడిగింది. సమాధానం సగంలో ఉండగానే ఆఖరి బస్సు వచ్చింది. మిగతా సగం ఆమె కోసమూ, ఆమెలాంటి తల్లుల కోసమూ ఇక్కడ వ్రాస్తున్నాం.

బడి పొద్దు ముందురోజు రాత్రే మొదలవుతుంది. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన చాలాకాలం తొమ్మిదిన్నరకు జరిగేది. నాన్న పొలం నుంచి రావాలి, అమ్మ గిన్నెలు కడగాలి, ఆ తర్వాత ప్రార్థన. పిల్లలు ఆమేన్ వరకు మేలుకున్న రోజులు తక్కువ. ఒకసారి పెద్దమ్మాయి మోకాళ్ల మీదే నిద్రపోయి ముందుకు తూలి, నుదురు గడపకు కొట్టుకుంది. అప్పుడు ప్రార్థనను ఏడున్నరకు మార్చాం. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 9 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ఎనిమిదిన్నరకు దోమతెరలోకి వెళ్లిన పిల్లవాడు ఆరింటికి తనంతట తానే లేస్తాడు. సెల్‌ఫోను ఆ వేళకు పెద్దవాళ్ల చేతిలో కూడా ఉండకపోవడం మంచిది. మాకు ఇది ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు.

ఇక తిండి సంగతి. మధ్యాహ్న భోజనం బడిలో పెడతారు కదా అని పొద్దున ఏమీ పెట్టకుండా పంపే ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. ఒక లెక్క వేసి చూడండి. రాత్రి ఏడింటికి తిన్న పిల్లవాడు మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు తింటే మధ్యలో పదిహేడున్నర గంటలు ఖాళీ కడుపు. పదకొండు గంటలకు ఎక్కాలు తలకెక్కలేదంటే ఆశ్చర్యమేముంది? బడి భోజనం మంచిదే. ఉమ్మడి రాష్ట్రంలో అది 2003 జనవరిలో మొదలైంది. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, మొత్తం మీద 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని నియమం. ఎదిగే బిడ్డకు అది ఒక పూట తిండి మాత్రమే. పొద్దున జొన్న జావ గాని, రాగి అంబలి గాని, రాత్రి అన్నంలో మజ్జిగ పోసిన చద్దన్నం గాని, ఒక గిన్నెడు చాలు. టీలో బిస్కెట్టు ముంచి ఇవ్వడం తిండి క్రిందకు రాదు. మా ఇంట్లో రెండేళ్లు జరిగింది అదే గనుక చెబుతున్నాం.

చెప్పులు కొనడం కూడా తిండి కోసమేనని ఒక నర్సమ్మ మాకు చెప్పింది. ఆరుబయట మలవిసర్జన జరిగిన తడి నేలలో కొంకి పురుగు పిల్లలు ఉంటాయి. ఉత్త కాళ్లతో నడిస్తే పాదం చర్మంలోంచి లోపలికి దూరి, ప్రేగుల్లో చేరి రక్తం త్రాగుతాయి. పెట్టిన తిండి ఒంటికి పట్టదు. బిడ్డ పాలిపోతుంది. నులిపురుగుల మాత్రలు 2015 నుంచి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ వేస్తున్నారు. రెండేళ్లు దాటిన వారికి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. దాన్ని నమిలి మింగాలి. ఆ రోజు బిడ్డ బడికి పోకపోతే, తప్పినవారికి వేసే రోజు మరొకటి ఉంటుంది. అడగండి. వారానికొకటి చొప్పున ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్రను "నల్లగా విరేచనం అవుతుంది" అని పారవేయించకండి. నలుపు ఆ మాత్ర వల్లనే వస్తుంది, దానితో భయం లేదు. ఖాళీ కడుపున మాత్రం వేయకూడదు. అయిదేళ్లు నిండినప్పుడు వేయించవలసిన డీపీటీ బూస్టరు సూది చాలామంది మరచిపోతారు. ఒకటో తరగతిలో వేసే ముందు ఏఎన్‌ఎం దగ్గర కార్డు చూపించి అడగడం మంచిది.

ఇప్పుడు జ్వరం గురించి. మాకు అన్నిటికంటే బరువైన మాట ఇదే.

మా చిన్నవాడు రెండో తరగతిలో ఉండగా, ఆగస్టు నెలలో ఒక సాయంత్రం బడి నుంచి వణుకుతూ వచ్చాడు. ఊళ్లో సూదులు వేసే ఆయన వచ్చి ఒక ఇంజెక్షను చేశాడు. చెమటలు పట్టి జ్వరం దిగింది. ప్రార్థన చేసి, దేవునికి వందనాలు చెప్పి పడుకున్నాం. మర్నాడు వాడు బాగానే ఆడుకున్నాడు, బడికి కూడా పంపాం. రెండో రాత్రి జ్వరం మళ్లీ వచ్చింది. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. పిలిస్తే పలకలేదు. 108 బండి వచ్చేసరికి వాడి అమ్మ వాణ్ణి ఒడిలో పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, మెదడుకు ఎక్కిన మలేరియా అన్నారు. మూడు రోజులు వాడు మమ్మల్ని గుర్తుపట్టలేదు. నాలుగో రోజు నీళ్లు అడిగాడు.

ప్రభువు బిడ్డను మాకు తిరిగి ఇచ్చాడు. కాని మొదటి సాయంత్రమే మా వీధిలోని ఆశ కార్యకర్తను పిలిచి ఉంటే, వేలి మీద ఒక్క రక్తపు బొట్టు తీసి పావుగంటలో చెప్పేది. ఆమె ఇల్లు మాకు ఆరిళ్ల అవతల. "నన్నెందుకు లేపలేదు వదినా?" అని ఆమె తర్వాత అడిగితే మా దగ్గర జవాబు లేదు.

మన అడవి ప్రాంతంలో వచ్చే ఫాల్సిపారం రకం మలేరియా ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకు తేగలదు. అందుచేత పిల్లలకు జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. పరీక్ష, మందు రెండూ ప్రభుత్వంలో ఉచితం. ఫాల్సిపారం అయితే మూడు రోజుల మాత్రలు, వైవాక్స్ అయితే మరో రకం మాత్రలు 14 రోజుల వరకు ఇస్తారు. రెండోది కాలేయంలో దాగి ఉండి మళ్లీ తిరగబెడుతుంది కనుక జ్వరం తగ్గింది కదా అని మధ్యలో మానకూడదు. ఫిట్స్ రావడం, నీళ్లు కూడా నిలవకుండా వాంతి కావడం, మూత్రం ముదురు రంగుకు మారడం, మగత. వీటిలో ఏది కనబడినా ఊళ్లో ఆగవద్దు. మందు వేసిన దోమతెరలు ఇచ్చినప్పుడు వాటిని కోళ్ల గంపల మీద కప్పినవారిని మేము చూశాం. మొదట్లో మా తెర కూడా టమాట మళ్ల చుట్టూ ఉండేది.

కోయ కుటుంబాలు మరొక పరీక్ష కూడా చేయించాలి. కొడవలి కణాల రక్తహీనత, అంటే సికిల్ సెల్, గిరిజన కుటుంబాల్లో ఎక్కువగా కనబడుతుంది. దేశవ్యాప్తంగా దీనికి పరీక్షలు చేసే కార్యక్రమం 2023 జూలై 1న మొదలైంది. మాటిమాటికి కాళ్లు చేతుల నొప్పులని ఏడ్చే పిల్లవాణ్ణి బడి ఎగ్గొట్టే దొంగ అని కొట్టే ముందు రక్తపరీక్ష చేయించండి. ఆ జబ్బు ఉన్న బిడ్డ నీళ్లు బాగా త్రాగాలి, చలిలో తడవకూడదు. ఈ సంగతి టీచరుకు కూడా చెప్పి ఉంచాలి.

కాగితాల విషయంలో మేము చేసిన తప్పు చిన్నది, అనుభవించింది పెద్దది. పెద్దమ్మాయిని బడిలో వేసిన రోజు పుట్టిన తేదీ అడిగారు. "మిరపకాయ ఏరే కాలమండి, తారీఖు గుర్తులేదు" అన్నాం. రిజిస్టరులో జూన్ ఒకటి అని పడింది. ఆ తరగతిలో చాలామంది పుట్టినరోజు జూన్ ఒకటే. పదో తరగతికి వచ్చేసరికి ఆధార్‌లో ఒక తేదీ, బడిలో ఒక తేదీ. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడిన తేదీయే బ్రతుకంతా వెంట వస్తుంది, తర్వాత మార్చడం బహు కష్టం. దాని కోసం ఆరుసార్లు బస్సెక్కాం.

కనుక బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించండి. గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శి చేస్తారు, రుసుము లేదు. సంవత్సరం దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం మొదలు అన్నిటికీ జనన ధృవపత్రమే ఆధారమని చట్టం మారింది. ఆ పిల్లలు బడికి వచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. అలాగని కాగితం లేదని ఎవరైనా బిడ్డను గుమ్మం దగ్గర నుంచి త్రిప్పి పంపితే ఒప్పుకోవద్దు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధృవపత్రం లేదనో, టీసీ రాలేదనో ప్రవేశం నిరాకరించకూడదు. ఆధార్‌లో వ్రేలిముద్రలు అయిదేళ్లకు ఒకసారి, పదిహేనేళ్లకు ఒకసారి తాజాపరచాలి.

కులం గడిలో ఏమి వ్రాయించాలని మన సంఘాలలో చాలామంది గుసగుసగా అడుగుతారు. ఎస్టీలకు మతంతో పని లేదు. కోయ బిడ్డ క్రైస్తవుడైనా ఎస్టీయే. ఎస్సీల సంగతి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణలతో కలిపి, హిందూ, సిక్కు, బౌద్ధులకే ఆ హోదా ఇస్తుంది. క్రైస్తవులైనవారిని మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సిగా గుర్తిస్తారు. ఇది న్యాయమా అన్నది వేరే వ్యాసం. రిజిస్టరులో వ్రాయించేటప్పుడు మాత్రం భార్యాభర్తలు ముందే కూర్చుని మాట్లాడుకోండి. తల్లి ఒకటి, తండ్రి ఒకటి చెప్పిన ఇంటి పిల్లలు తర్వాత ఇబ్బందిపడటం చూశాం.

మాకు రాష్ట్రపు గీత కూడా దగ్గరే. 2014లో ఏడు మండలాలు ఆంధ్రలోకి వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రలో. ఎటపాక వైపు తల్లికి 2025 జూన్ నుంచి తల్లికి వందనం డబ్బు వస్తుంది, అయితే బిడ్డ హాజరు నూటికి 75 ఉండాలి. ఇవతలి తల్లికి ఆ పథకం లేదు. కొత్తగా వచ్చిన కోడళ్లు పుట్టింటి లెక్కలు అత్తింట్లో వేసి నిరాశపడుతుంటారు.

కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి దూలానికి వ్రేలాడదీయండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. నది ఒడ్డు ఊళ్లలోని మన బంధువులు పిల్లల్ని ఎత్తుకుని బయటపడ్డారు. సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెల్లోనే ముద్దయిపోయాయి.

కోయ తల్లులకు ఒక మాట. మీ బిడ్డ ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు వినేసరికి మూగవాడైపోతాడు. తెలివి తక్కువవాడని ఎవరన్నా దిగులుపడవద్దు. దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ అంతటి చదువుకున్నవాడు కూడా కోయ భాషను మీ పెద్దల దగ్గర కూర్చునే నేర్చుకున్నాడు. 2004 ప్రాంతంలో ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల బోధన మొదలుపెట్టినప్పుడు వాటిలో కోయ ఒకటి. ఇంట్లో కోయలోనే కథలు చెప్పండి, లెక్కలు పెట్టించండి. తెలుగు మాటలు రోజుకు నాలుగు కలిపితే చాలు.

చివరగా మిరప కాలం. జనవరి నుంచి మార్చి దాకా తోటల్లో ఎర్రకాయ ఏరాలి. చేతులు ఎన్ని ఉంటే కూలి అంత. ఆ వెనకే ఇప్పపువ్వు. తెల్లవారకముందే చెట్ల క్రింద రాలిన పువ్వు ఏరాలి, అదే సమయంలో ఒంటిపూట బడి పొద్దున ఎనిమిదింటికే మొదలవుతుంది. తునికాకు ఎక్కువభాగం సెలవుల్లో పడుతుంది గనుక దాని బాధ తక్కువ. మూడు నెలలు తోటలో ఉన్న పిల్లవాడు తిరిగి వచ్చేసరికి తరగతి ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. సిగ్గుతో వెనక బెంచీలో కూర్చుంటాడు, మరుసటి ఏడు రాడు. మా సంఘంలో చదువు మానినవారిలో చాలామంది కథ ఇదే.

కూలి మానమని ఎవరమూ చెప్పలేం. అప్పు తీర్చవలసింది వాళ్లే. కుటుంబమంతా వేరే ఊరికి పోతే, ఆ ఊరి బడిలో బిడ్డను మధ్యలోనైనా చేర్చుకోవాలని చట్టం చెబుతోంది, సారును అడగండి. ఇల్లు ఇక్కడే ఉంటే బిడ్డను ఎవరి దగ్గరైనా విడిచి వెళ్లండి. మూడేళ్ల క్రితం మా పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. గుడి వెనక గదిలో ఒక అవ్వ ఉంటుంది, తోటలకు పోయే ఇళ్లవాళ్లు వారానికి రెండు కిలోల బియ్యం, కాస్త పప్పు తెచ్చిస్తారు. పిల్లలు రాత్రి అక్కడే పడుకుని పొద్దున జావ త్రాగి బడికి వెళతారు. అవ్వకు చదువు రాదు. అయినా సాయంత్రం ప్రతి పిల్లవాడి పలకా తిప్పి తిప్పి చూస్తుంది, ఏమీ వ్రాయనివాడికి ఆమె దగ్గర అన్నం కాస్త ఆలస్యంగా దొరుకుతుంది. క్రిందటి మిరప కాలంలో ఆ గదిలో తొమ్మిది మంది ఉన్నారు. ఈసారి పధ్నాలుగు మంది పేర్లు వచ్చాయి. చాపలు సరిపోవడం లేదని అవ్వ కబురు పంపింది.