నేరమును చదువదలచినవారికి

2020వ సంవత్సరము మే నెలలో, మహమ్మారి భయముచేత దేశమంతయు తలుపులు మూసికొనియున్న కాలమున, వరంగల్లు నగరమునకు వెలుపల గీసుగొండ మండలమందలి గొర్రెకుంటలో ఒక బావి నుండి రెండు దినముల వ్యవధిలో తొమ్మిది మృతదేహములు వెలికివచ్చినవి. బెంగాలు నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, గోనెసంచుల కార్ఖానాలో పనిచేయుచు, ఏండ్ల తరబడి ఈ గడ్డనే తమ ఊరుగా చేసికొనిన ఒక కుటుంబమువారు ఆరుగురు. వారి నెరిగియుండి, వారివలెనే పరరాష్ట్రముల నుండి వచ్చిన యువకులు మువ్వురు. ఆ తొమ్మండుగురిలో మూడేండ్ల పసివాడును ఒకడు. పనులు లేక, సొంత ఊరికి పోవు దారి లేక, అందరును కూడి ప్రాణములు తీసికొనియుందురని తొలినాడు పలువురనుకొనిరి. అట్లనుకొనుటకు ఆనాటి పరిస్థితులన్నియు అనుకూలముగానే యుండెను. ఆ యూహయే నిలిచిపోయినచో తొమ్మిది హత్యలు తొమ్మిది ఆత్మహత్యలై కాగితములలో సమసిపోయి యుండెడివి.

దానిని నిలువనీయనిది పరీక్ష. ఆ దేహములు వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి చేరినవి, 1959లో స్థాపితమైన కాకతీయ వైద్య కళాశాలకు చెందిన న్యాయవైద్య నిపుణులు శవపరీక్ష నిర్వహించిరి. నీటిలో దొరికిన దేహము నెదుట నుంచుకొనిన న్యాయవైద్యుడు మొట్టమొదట వేసికొను ప్రశ్న, ఈ మనిషి నీటిలో పడునప్పటికి ఊపిరితో నుండెనా లేదా యన్నదే. చెరువులలోను బావులలోను డయాటములనెడి సూక్ష్మజీవులుండును. వాని పైపెంకు సిలికాతో నిర్మితమైనది గనుక ఆమ్లములో మరిగించినను కరగదు. బ్రదికియున్నవాడు మునిగి నీరు పీల్చినప్పుడు అవి ఊపిరితిత్తుల నుండి రక్తములో ప్రవేశించి, ఇంకను కొట్టుకొనుచున్న గుండె వలన దేహమంతట వ్యాపించి, తొడయెముకలోని మజ్జ వరకును చేరగలవు. చనిపోయినవానిని నీట పడవేసినచో, రక్తప్రసారము నిలిచిపోయినది గనుక, అవి అంత దూరము పోజాలవు. ఎముకను కోసి, మజ్జను తీసి, గాఢ నత్రికామ్లములో మరిగించి, మిగిలిన మడ్డిని సూక్ష్మదర్శిని క్రింద నుంచి, అందు కనబడిన డయాటములను ఆ బావినీటిలోని వానితో పోల్చిచూచుట యను ఈ పనిలో నాటకీయత ఏమియు లేదు. గంటల తరబడి కన్నులు నొచ్చునంత ఓపిక మాత్రము కావలెను. అంతచేసినను ఆ పరీక్ష, మనిషి తానై దూకెనో మరియొకరు త్రోసిరో చెప్పజాలదు. అందులకే జఠరము, కాలేయము మున్నగు అవయవముల భాగములను సీసాలలో నుంచి, సీలు వేసి, ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుదురు. అన్నములో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని బావిలో పడవేసినట్లు గొర్రెకుంట కేసులో వెల్లడియైనది. దినముల వ్యవధిలోనే నిందితుడు పట్టుబడెను. అదే సంవత్సరము అక్టోబరు 28న వరంగల్లు న్యాయస్థానము అతనికి మరణదండన విధించెను.

ఇంతటితో దర్యాప్తు పని ముగిసినది. నేరశాస్త్రజ్ఞుని పని ఇచ్చటనే ఆరంభమగును.

ఆ తొమ్మిది మరణములకు మూలము అంతకు ముందు మార్చిలో జరిగిన మరియొక హత్య. నిందితునితో కలిసి జీవించుచుండిన స్త్రీ, ఆ కుటుంబమునకే బంధువు, పోవుచున్న రైలులో హత్యగావింపబడి క్రిందికి త్రోయబడెను. ఆమె ఏమైనదని ఆ యింటి యిల్లాలు విడువక నిలదీయుటయే ఇంటిల్లిపాదికి ముప్పు తెచ్చెను. ఒక మనిషి బయలుదేరి గమ్యము చేరకపోయినను, నెలల పాటు ఒక్క బంధువు తప్ప అడుగువారే లేకపోవుటకు కారణమేమి? ఊరుగాని ఊరిలో, తనదిగాని భాషలో బ్రతుకు వలసకూలీ పోలీసుస్టేషను గడప ఎందులకు తొక్కలేకపోవుచున్నాడు? ఎట్టివారిని చంపినచో అడుగువారుండరని హంతకుడు లెక్కవేసికొనును, ఆ లెక్కకు ఆధారము సమాజములో ఎక్కడ నున్నది? శిక్షాస్మృతిలో ఈ ప్రశ్నలకు సెక్షనులు లేవు. వీనిని ఓపికతో, ఆధారములతో, మనుష్యుల మధ్య తిరిగి విచారించుటయే నేరశాస్త్రము.

మన యువకులలో పలువురు ఈ విద్యను అపరాధ పరిశోధనగా భావింతురు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరును చదివి పెరిగిన తరములకును, నేడు తెరలపై విదేశీ ధారావాహికలు చూచు తరమునకును ఆ ఉత్సాహము సమానమే. అది నిందింపదగినది కాదు. అయినను నేరస్థుని పట్టుకొనుట వేరు, నేరమును అర్థము చేసికొనుట వేరు అను ఎరుక లేక ఈ మార్గమున అడుగిడినవారు రెండవ సంవత్సరమునకే నిరుత్సాహపడుదురు.

ఈ శాస్త్రము తప్పుదారి పట్టినప్పుడు ఎంతటి అనర్థము వాటిల్లునో తెలుగువారికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదేమో. 1764లో బెకారియా యను ఇటలీ దేశస్థుడు శిక్ష నేరమునకు తగినంతయే యుండవలెనని వాదించి ఈ విద్యకు పునాది వేసెను; 1876లో అదే దేశపు వైద్యుడు లొంబ్రోసో, నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడనియు, ఆ గుర్తులు అతని పుఱ్ఱెపై కనబడుననియు ప్రకటించెను. ఆ సిద్ధాంతము పుస్తకరూపమున వెలువడుటకు ముందే, 1871లో, బ్రిటిషు ప్రభుత్వము జాతులకు జాతులనే నేరస్థజాతులుగా ముద్రవేయు చట్టమును మన దేశమున చేసియుండెను. 1911లో అది మద్రాసు రాజధానికి విస్తరించినది. కోస్తా నుండి ఉప్పును, మెట్ట నుండి ధాన్యమును పశువులపై వేసికొని ఊరూర వర్తకము చేసిన యెరుకలవారు, రైలుమార్గములు వచ్చి, ఉప్పుపై ప్రభుత్వపు పట్టు బిగిసి, జీవనాధారము కోల్పోయిన పిమ్మట దొంగలను పేరు మోసిరి. బాపట్ల సమీపమున వారికొరకు వెలసిన స్టూవర్టుపురము, సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సంస్థ నిర్వహణలో హాజరుపట్టీలకు లోబడిన సెటిల్‌మెంటుగా నడచెను. 1952లో చట్టము రద్దయినను ఊరిపేరుకంటిన మచ్చ పోలేదు. 1970 దశకములో ఆ ఊరికి పోయి, అనుమానించు పోలీసులకును అనుమానింపబడు జనులకును నడుమ నిలిచి పనిచేసినవారు హేమలతా లవణముగారును, వారి భర్త లవణముగారును; ఆమె మహాకవి జాషువాగారి కుమార్తె, ఆయన గోరాగారి కుమారుడు. నేరశాస్త్రమున పట్టా లేని ఆ దంపతులు చేసిన పనియే నా దృష్టిలో తెలుగుదేశమున జరిగిన ఉత్తమ నేరశాస్త్ర ప్రయోగము. ఈ చదువు చదువదలచిన విద్యార్థి లొంబ్రోసో పేరు కంటె ముందు స్టూవర్టుపురము పేరు తెలిసికొనవలెను.

ఇక వృత్తిమార్గముల మాట. ప్రయోగశాల వైపు మొగ్గినవారు రసాయన, భౌతిక, జీవశాస్త్రములలో గట్టి పునాది వేసికొని, ఉస్మానియా విశ్వవిద్యాలయమందలి ఫోరెన్సిక్ సైన్సు ఎం.ఎస్సీ. వంటి చదువులకు పోవచ్చును. హైదరాబాదులో రాష్ట్ర ప్రయోగశాలయు, కేంద్ర ప్రయోగశాలయు కలవు. అన్నిటికిని మించి, లాల్జీ సింగ్ గారు సి.సి.ఎం.బి.లో డి.ఎన్.ఏ. వేలిముద్రల విద్యకు మన దేశమున ప్రాణము పోసిన చోటు ఈ నగరమే. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్షపడదగిన నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలమునకు పోవలెనని విధించి, దానిని అమలుపరచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువిచ్చినది. జిల్లా జిల్లాకును క్లూస్ టీములు పెరుగవలసిన కాలమిది. నియామకములు పోలీసు నియామక మండలి ద్వారా జరుగుచుండును. ఖాళీలు ప్రతియేట రావు, వచ్చినపుడు పోటీ తీవ్రము.

నేరమునకు కారణములను చదువదలచినవారు సమాజశాస్త్రము, మనస్తత్వశాస్త్రము, న్యాయశాస్త్రములలో దేనినైనను పట్టుకొని రావచ్చును. 1936లో బొంబాయిలో ఆరంభమైన టాటా సామాజిక శాస్త్రముల సంస్థయు, నేరశాస్త్రమునకు ప్రత్యేక శాఖ గల మద్రాసు విశ్వవిద్యాలయమును మనకు దగ్గరి గమ్యములు. యు.జి.సి. నెట్ పరీక్షలో ఇదియొక ప్రత్యేక విషయము గనుక అధ్యాపక వృత్తికిని దారి కలదు. కాని ఈ పట్టా చూపినంతనే ఉద్యోగము లభించునని ఎవ్వరైన చెప్పినచో నమ్మవలదు, ఎల్.ఎల్.బి. గాని, మనస్తత్వశాస్త్రము గాని తోడున్నవారికే తలుపులు తెరచుకొనును. తల్లిదండ్రుల ముందు ఈ మాట దాచుట తగదు.

జైళ్లలో చేయవలసిన పని అపారము. ఉస్మానియాలో మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలుగా పనిచేసిన బీనా చింతలపూరిగారు తెలంగాణ జైళ్ల శాఖతో కలిసి నడపిన ‘ఉన్నతి’ యను కార్యక్రమము, ఖైదీ తన కోపమును, తన నిర్ణయములను తానే పరిశీలించుకొనుట నేర్పినది. మనస్తత్వశాస్త్రము చదివిన యువతీయువకులకు అట్టి చోట్ల స్థానముండవలెను. నిజాము కాలమున 1886లో నిర్మితమైన వరంగల్లు కేంద్ర కారాగారమును 2021లో ఖాళీ చేసి, కూల్చి, ఆ స్థలమును పెద్దాసుపత్రికి కేటాయించిరి. ఆసుపత్రి అవసరమును ఎవ్వరును కాదనరు. అయినను ఖైదీలు దూరపు జైళ్లకు తరలిపోవుటతో, ఈ జిల్లాల పేదతల్లులు ములాఖత్తు కొరకు రోజుకూలీ వదలుకొని బస్సులెక్కవలసి వచ్చినది. కుటుంబముతో సంబంధము తెగని ఖైదీ మరల నేరములోనికి జారుట తక్కువయని దేశదేశముల అధ్యయనములు చెప్పుచుండగా, ఈ దూరము యొక్క ఫలితమేమో కొలిచి చూపుట కాకతీయ విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థికి తగిన పని.

నన్నడిగినచో ఈ రంగమున మిక్కిలి గౌరవింపదగిన కొలువు ప్రొబేషను అధికారిది. ఆ పేరు కూడ మన యువకులలో పలువురు వినియుండరు. 1958 నాటి చట్టము ప్రకారము, తొలిసారి తప్పు చేసినవానిని జైలునకు పంపక, మంచి నడవడికి హామీ తీసికొని విడిచిపెట్టుటకు న్యాయమూర్తికి అధికారము కలదు. అట్టి నిర్ణయమునకు ముందు ప్రొబేషను అధికారి నేరస్థుని ఇంటికి పోవును. ఇంట ఎందరు తినువారు, ఎందరు సంపాదించువారు, అప్పు ఎవ్వరి వద్ద, బడి ఎప్పుడు మానినాడు, ఇరుగుపొరుగువారు ఏమందురు, పని ఇచ్చిన సేటు మరల పనిలో పెట్టుకొనునా అని విచారించి నివేదిక వ్రాయును. న్యాయస్థానమున అంతవరకు ఒక సెక్షను క్రింద ముద్దాయిగా మాత్రమే నిలిచిన కుర్రవాడు, ఆ రెండు మూడు పుటలలో ఒక ఇంటి కొడుకుగా న్యాయమూర్తికి కానవచ్చును. ఆ పుటలు తొందరపాటుతో వ్రాసినచో ఒక జీవితము చెడును. జాలితో కళ్లుమూసికొని వ్రాసినచో బాధితునికి అన్యాయము జరుగును.

ములుగు, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో అట్టి విచారణకు పోవువాడు తండాలోను, కోయగూడెములోను, కూలీల గుడిసెలలోను కూర్చుండి మాటాడవలసివచ్చును. దుబాసీ ద్వారా అడిగిన ప్రశ్నకు తల్లి చెప్పు జవాబొకటి, తన భాషలో అడిగినవానికి చెప్పునది వేరొకటి. కావున ఈ చదువునకు ముందుగా ఏమి చదువవలెనని నన్నడుగు ఓరుగల్లు విద్యార్థులకు, చేతనున్న రెండేండ్లలో లంబాడీ భాషయో, కోయ భాషయో చక్కగా నేర్చుకొమ్మనియు, పుస్తకములు ఆ తరువాత తెచ్చుకొనవచ్చుననియు చెప్పుచున్నాను.