ఆపద్రక్షణ విద్య - మన బాలికలు

ఆపద యెవ్వరికిని చెప్పి రాదు. ఇల్లంటుకొన్న పిమ్మట నూయి త్రవ్వబూనుట తెలివి గాదని పెద్దలందురు. ఆపన్నులను కాచువారు ముందుగనే శిక్షణ పొంది యుండవలెను. ఆ శిక్షణకు స్త్రీలు తగరను మాట నేటికిని మన యిండ్లలో వినబడుచున్నది. అది యెంతవఱకు నిజమో విచారింతము.

2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదునందు 108 అంబులెన్సు సేవ యారంభమయ్యెను. రోగిని మోసికొనిపోవుటయే కాక, త్రోవలోనే చికిత్స మొదలిడుట దీని విశేషము. బండిలో ‘ఈఎంటీ’ యని పిలువబడు అత్యవసర వైద్య సహాయకు లుందురు. జీవశాస్త్రములో, నర్సు విద్యయో చదివినవారు ఈ పనిలో చేరుదురు. నాడి చూచుట, ఊపిరి త్రోవను సరిచేయుట, నెత్తురు కారకుండ నాపుట, విరిగిన యెముకకు బద్ద కట్టుట, గుండె యాగినవారి ఱొమ్మును నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములు నొక్కుట, అవసరమైనచో బండిలోనే కాన్పు చేయుట వీరు నేర్తురు. నడిరాత్రి నొప్పులు పడు గర్భిణికిని, ఒడలు కాలిన యువతికిని చెంత నొక స్త్రీ యుండిన నెంత ధైర్యమో మనకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఇక అగ్నిమాపక విద్య. ఇందుకు నాగపురములోని జాతీయ కళాశాల ప్రసిద్ధము. 1956లో స్థాపింపబడిన యా సంస్థలో 2002 వఱకు బాలిక లెవ్వరును చేరలేదు. ఆ యేట హర్షిణీ కన్హేకర్ అను నాగపుర కన్య ప్రవేశించి, పురుషులతో సమముగ నభ్యసించి, పట్టము పుచ్చుకొనెను. 2003లో మీనాక్షీ విజయకుమార్, ప్రియా రవిచంద్రన్ అను నిరువురు తమిళనాడు అగ్నిమాపక శాఖలో అధికారిణులైరి. 2012లో చెన్నపురి యెళిలగము కాలినపుడు ప్రియా రవిచంద్రన్ మంటల నెదుర్కొని తీవ్రముగ గాయపడిరి. కోలుకొని మరల విధులలో చేరిరి.

ఈ వృత్తిలో ప్రాణభయము లేదని మేము చెప్పము. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు ప్రేలుడులో అనేకులు అగ్నిమాపకులు అసువులు బాసిరి. ఆ దినమునే నేడును వారి స్మృతిదినముగ జరుపుచున్నారు. అయినను, ఆపద స్త్రీపురుష భేద మెఱుగదు. నరకునిపై విల్లెక్కిడిన సత్యభామ కథను భక్తితో విందుము. మన కూతురు నీటిగొట్టము పట్టెదనన్నచో ఉలికిపడుదుము. ఇది న్యాయమా?

సోదరీమణులారా, బాలికను వలదని యాపుటకు మాఱుగ, తల్లులు విచారింపవలసిన సంగతులు కొన్ని కలవు. ఆ విద్యాలయ మిచ్చు పత్రమును ఏ ప్రభుత్వము, ఏ విశ్వవిద్యాలయము గుర్తించినది? ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ యని బోర్డు కట్టిన ప్రతి సంస్థయు ఉద్యోగము నీయజాలదు. ఉద్యోగము స్థిరమా, ఒప్పందముపైనా? ఎత్తు, దేహదార్ఢ్యములకు నియమము లేవి? రాత్రి విధి ముగిసిన పిదప ఇల్లు చేరుటకు ఏర్పాటున్నదా? రుసుము చెల్లించుటకు ముందే వీనికి వ్రాతమూలకముగ జవాబు పొందవలెను. జవాబులు తృప్తికరములైనచో బాలికను నిశ్చింతగ బంపవచ్చును. రేపు ఏ యింటి తలుపు తట్టి యామె ప్రాణము నిలుపునో యెవ రెఱుగుదురు? అది మన యిల్లే కావచ్చును.