సమురాయ్ చిత్రాలు – ఖడ్గతిక్కన కథ: పరువు మూల్యం

జపాన్ సమురాయ్ చిత్రాల, టెలివిజన్ నాటకాల చిరకాల ఆదరణకు మూలం కర్తవ్యానికీ మమతకూ నడుమ సంఘర్షణ. జపనీయులు వీటిని 'గిరి', 'నిన్జో' అంటారు. కొబయాషి మసాకి తీసిన 'హరాకిరి' (1962)లో, ఆలుబిడ్డల కోసం కత్తులు అమ్ముకున్న పేద సమురాయ్‌ని ఒక ప్రభువంశం వెదురు కత్తితోనే ఆత్మాహుతికి నిర్బంధిస్తుంది. ఆ వంశం చాటుకొనే పరువు డొల్ల అని చిత్రం నిరూపిస్తుంది.

నెల్లూరు సీమకు ఈ సంఘర్షణ కొత్తది కాదు. 13వ శతాబ్దిలో పుల్లరి వివాదం వల్ల కాటమరాజుతో జరిగిన పోరు నుండి మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన ఇంటికి మరలి రాగా, భార్య స్నానానికి మంచం చాటు చేసి పసుపుముద్ద ఉంచిందని చాటు సంప్రదాయం చెబుతుంది. అతడు తిరిగి రణానికేగి మరణించాడు.

అక్కడ నిర్బంధించినది ప్రభువంశం. ఇక్కడ సొంత ఇల్లే. చాటుకథ ఆ నిర్బంధాన్ని కీర్తించింది, 'హరాకిరి' ప్రశ్నించింది. పరువుకు మూల్యం ఎవరు చెల్లించాలన్న ప్రశ్న తీరనంతకాలం ఇటువంటి కథలకు ఆదరణ తగ్గదు.