అరణ్యపర్వంలో ఆగిన ఆట

మహాభారతాన్ని తెలుగు చేయబూనిన నన్నయభట్టు రచన అరణ్యపర్వం నడుమ ఆగిపోయింది. తరువాత తిక్కన విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాలు రచించాడు గాని, ఆ మిగిలిన భాగం జోలికి పోలేదు. ఆ కొరత తీర్చినవాడు పదునాలుగవ శతాబ్దపు ఎర్రన. నన్నయ శైలితో మొదలుపెట్టి, కృతిని ఆ రాజరాజనరేంద్రునికే అంకితం చేసి, తన చేతి అతుకు కనబడకుండా పర్వశేషాన్ని పూరించాడు. తెలుగు విద్యార్థికి ఇది కొత్త సంగతి కాదు. ఇంచుమించు ఇటువంటి కథే మన కాలంలో ఒక అమెరికా వీడియోగేమ్‌కు జరిగిందంటే మాత్రం ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ ఆట పేరు ‘నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్’ రెండవ భాగం. ‘ది సిత్ లార్డ్స్’ అనేది దాని ఉపశీర్షిక. ‘స్టార్ వార్స్’ సినిమాల కథకు సుమారు నాలుగువేల యేండ్ల పూర్వం జరిగినట్లు కల్పించిన గ్రహాంతర గాథ ఇది. 2020 డిసెంబరులో చేతిఫోనులకు కూడా వచ్చింది. కాబట్టి నల్లమల అంచున ఉన్న లింగాలలోని విద్యార్థికి సైతం అది అందని వస్తువు కాదు. తెలుగులో లేదు, సంభాషణలన్నీ ఇంగ్లీషే. అవి ఒక పెద్ద నవలంత ఉంటాయి.

దీనిని పాత్రధారణ క్రీడ అనవచ్చు. మన పాలమూరు పల్లెల్లో యక్షగానం ఆడేవాడు హరిశ్చంద్రుని వేషం కడితే, హరిశ్చంద్రుడు ఏమి పలకాలో ముందే నిశ్చయమై ఉంటుంది. ఇక్కడ ఏమి పలకాలో, ఎవరిని కాపాడాలో, ఎవరిని విడిచిపెట్టాలో వేషధారియే నాలుగైదు మాటలలో ఒకటి ఎంచుకొని నిర్ణయిస్తాడు. ఆ ఎంపికను బట్టి కథ దారి మళ్లుతుంది.

2003లో వచ్చిన మొదటి భాగాన్ని బయోవేర్ సంస్థ నిర్మించింది. అది విజయగాథ. మంచి ఒకవైపు, చెడు ఒకవైపు; మధ్యలో ఒక గొప్ప రహస్యం. రెండవ భాగాన్ని నిర్మించిన అబ్సిడియన్ 2003లోనే పుట్టిన కొత్త సంస్థ. ప్రధాన రూపశిల్పి క్రిస్ అవెలోన్. ఆయన చేసిన సాహసం మొదటి భాగపు విజయాన్ని మళ్లీ పాడకపోవడం. ఆయన కథ శాంతిపర్వం ఎక్కడ మొదలవుతుందో అక్కడ మొదలవుతుంది. యుద్ధం ముగిసింది. మలకోర్ అనే గ్రహం దగ్గర శత్రువుల నౌకలతోపాటు స్వజనుల నౌకలు కూడా ఒక్కసారిగా నలిగి నశించాయి. ఆ ఆజ్ఞ ఇచ్చిన యోధుడు తన గురుమండలి ముందు నిలబడి వెలివేయబడ్డాడు. అతడే కథానాయకుడు; కోరుకుంటే కథానాయిక. ఆట మొదటి క్షణం నుండి ఎదుటివారందరూ అతనిని అడిగేది ఒక్కటే: ‘అప్పుడు ఎందుకట్లా చేశావు?’ ఆడేవాడు జవాబు చెప్పుకోక తప్పదు.

అతనికి దొరికిన గురువు క్రేయా అనే వృద్ధురాలు. ఉపాధ్యాయులకు ఈ పాత్ర ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. ఆమె పాఠం చెప్పదు. ప్రశ్న వేస్తుంది, జవాబును ఎత్తిపొడుస్తుంది. నార్ షడ్డా అనే కాందిశీకుల నగరంలో ఒక బిచ్చగాడు చేయి చాస్తాడు. నాయకుడు ధర్మం చేస్తే, ఆ డబ్బుకోసమే మరొకడు ఆ బిచ్చగాడిమీద పడి కొట్టే దృశ్యాన్ని క్రేయా చూపుతుంది. కసరి పంపివేస్తే, ఆ నిరాశతో బిచ్చగాడే మరొకనిమీద విరుచుకుపడే దృశ్యాన్ని చూపుతుంది. ఇచ్చినా తిట్టే, ఇవ్వకున్నా తిట్టే. అపాత్రదానం గురించి మన పెద్దలు చెప్పినదానికంటె ఇది కటువైన పాఠం: పాత్రుడికి చేసిన దానం కూడా అతనిని బలహీనుణ్ణి చేయవచ్చునట. సారా కెస్టెల్మన్ అనే రంగస్థల నటి ఆ ముసలి గొంతుకకు ప్రాణం పోసింది.

అయితే ఈ దృశ్యంలోనే ఒక లోపం కూడా ఉన్నది. ఆ బిచ్చగాడిని వెంటబెట్టుకొని పోయి అన్నం పెట్టించే దారి ఆటలో లేదు. రెండు తలుపులే తెరిచి, రెండింటి వెనుకా గోతులే తవ్వి, ‘చూశావా, లోకమింతే’ అనడం వాదంలో గెలుపు కాదు, వాదాన్ని ఏర్పాటు చేసినవాని గెలుపు. క్రేయా మాటల పదునుకు మురిసిపోయేవారు ఈ సంగతి మరచిపోతుంటారు. సహచరుల అభిమానం సంపాదించే పద్ధతి కూడా అంతే. వారి మనసు గెలిస్తే వారి గతం తెలుస్తుంది, కొందరిని శిష్యులుగా కూడా చేసుకోవచ్చు, ఊహ చక్కనిది. ఆచరణలో అది తరచుగా ఎదుటివారికి నచ్చే మాట వెదికి పలకడంగా, అంటే ముఖస్తుతిగా, దిగజారుతుంది. పెరాగస్ గనులలోని తొలి ఘట్టం మరీ సాగతీత. నిర్మానుష్యపు నడవలలో గంటలు గడచేసరికి ఓపిక నశిస్తుంది. చిత్రణలో మొదటి భాగంకంటె పెద్ద అభివృద్ధి లేదు. పోరాటాలు కూడా సగం దాటినప్పటినుండి నల్లేరుమీద బండి నడకే.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ముగింపు. సంస్థ పుట్టిన ఏడాదిన్నరకే, 2004 డిసెంబరులో, క్రిస్మస్ అమ్మకాల వేళకు ఆట అంగళ్లలో ఉన్నది. మలకోర్ చేరాక సహచరులు ఏమైనారో తెలియదు. ఒక చిన్న యంత్రభృత్యునికి మరొక యంత్రం అడ్డుపడి నిలుస్తుంది. దృశ్యం కోసివేయబడుతుంది, మళ్లీ ఆ ప్రస్తావన లేదు. తమాషాగా మాట్లాడే హంతకయంత్రాల కర్మాగారం గురించి ఆట పొడుగునా ఊరించి, అక్కడికి తీసుకొనిపోనే లేదు. పండితులు గ్రంథపాతం అంటారే, అది ఇదే. కాని ఇక్కడ ఆకులు చెదలు తినలేదు. పుస్తకం కట్టేవాడే తొందరపడి చింపివేశాడు.

చింపిన ఆకులు పూర్తిగా పారవేయలేదు. రికార్డు చేసిన గొంతులు, సగం అల్లిన ఘట్టాలు ఆట ఫైళ్ళలోనే మిగిలి ఉన్నట్లు ఆటగాళ్లు కనుగొన్నారు. జీతమిచ్చేవారు లేకున్నా కొందరు ఏళ్ల తరబడి కూర్చుని వాటిని ఏరి, అతికి, తప్పులు దిద్దారు. కర్మాగారం తిరిగి వచ్చింది. సహచరుల చివరి ఘట్టాలు వచ్చాయి. సాధ్యమైనంతవరకు మూలకర్తల మాటలే వాడి, తమ సొంత కవిత్వం జొప్పించకపోవడం వారి ఔచిత్యం. ఇక్కడే ఎర్రన గుర్తుకు వస్తాడు. వదలివేయబడిన ఒక గ్రహం మొత్తాన్ని కూడా నిలబెట్టాలని చూసినప్పుడు చాలా భాగం కొత్తగా కల్పించవలసి వచ్చింది. దానిని ప్రధానమైన కూర్పులో కలపకుండా విడిగా ఉంచారు. ప్రక్షిప్తమేదో మూలమేదో ఎరిగినవారి పని అది.

ఆ పూరణతో ఆడినవారికి క్రేయా మాటల అర్థం కూడా మారుతుంది. నాయకుని ఎంపికలు తన చుట్టూ ఉన్నవారిని ఎట్లా మలుస్తాయో ఆమె మొదటినుండి చెబుతూ వచ్చింది. ఆ చుట్టూ ఉన్నవారు చివర కనబడితే గాని ఆ మాట నిజమో కాదో తేలదు.

2015లో ఈ పూరణను సులువుగా జోడించుకొనే వీలు కంప్యూటర్ ప్రతికి కలిగించారు. 2022లో నింటెండో స్విచ్ యంత్రానికి ఆటను తెచ్చిన యాస్పైర్ సంస్థ ఆ పూరణను తానే అధికారికంగా అందజేస్తానని ప్రకటించి, 2023లో మానుకొన్నది. ఫోనులో కొనుక్కొని ఆడేవానికి నేటికీ దొరికేది అరణ్యపర్వం నడుమ ఆగిపోయిన ప్రతియే.