దెబ్బ తగిలితే నొప్పి పుట్టే భీముడు

వేసవి సెలవులకు మా ఊరు లింగాల వచ్చిన మా అక్క కొడుకు, నేను ఒక రాత్రి సినిమా చూస్తున్నాం. పేరు 'ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్'. బొమ్మల సినిమా కాదు, మనుషులు వేషం కట్టి నటించినది. మొదలైన కాసేపటికే వాడు నా మోచెయ్యి పట్టి లాగి, "మామా, ఈ భీమ్‌కు దెబ్బ తగిల్తే నొప్పి పుడ్తాదా?" అని అడిగినాడు. వాడికి ఎనిమిదేళ్ళు. మాటలు సరిగా రాని వయసు నుంచీ టీవీలో భీమ్‌ను చూస్తున్నాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ అనుమానం రాలేదు. అప్పుడెందుకు రాలేదో, ఆ రాత్రి ఎందుకు వచ్చిందో చెప్పగలిగితే ఈ సినిమా గురించి చాలావరకు చెప్పినట్టే.

ముందు ఆ బొమ్మ సంగతి. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాదులో. శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ చదువుకుని వచ్చిన రాజీవ్ చిలక 2001లో గ్రీన్ గోల్డ్ సంస్థను పెట్టారు. మొదట విక్రమ్ బేతాళ కథలు, ఆ తర్వాత కృష్ణుడి చిన్నతనం బొమ్మలుగా తీశారు. 2008లో పోగో చానెల్‌కు భీమ్ వచ్చాడు. ఢోలక్‌పూర్ అనే ఊరు, అందులో తొమ్మిదేళ్ళ పిల్లవాడు. పక్కన చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి. ప్రతిదానికీ పోటీకి దిగే కాలియా, వాడి వెంట ఢోలు, భోలు అనే కవలలు. ఆపద ముంచుకొస్తే భీమ్ నోట్లో ఒక లడ్డు పడుతుంది, కండలు పొంగుతాయి, అంతటితో శత్రువు పని అయిపోతుంది. పురాణంలో భీముడి తిండి, బలం రెండూ తీసుకుని పల్లెటూరి పిల్లవాడికి తొడిగారు. అందుకే పిల్లలకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేకపోయింది. వాళ్ళ అవ్వలకు భీముడు ముందే తెలుసు.

2012లో ఇదే దమ్యాన్ కథ థియేటర్లకు బొమ్మల సినిమాగా వచ్చింది. సోనాపూర్‌లో నిధి ఉందన్న ఆశ చూపి ఢోలక్‌పూర్ వాళ్ళను అక్కడికి రప్పిస్తారు. శాపంతో బందీగా ఉన్న దమ్యాన్ అనే దుష్టుడు బయటపడతాడు. వాడిని గెలవడానికి పిల్లలు వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాల్సి వస్తుంది. పన్నెండేళ్ళ తర్వాత, 2024 మే 31న, అదే కథ, అదే దర్శకుడు రాజీవ్ చిలక, ఈసారి నిజం మనుషులతో. తెలుగులోనూ వచ్చింది. భీమ్‌గా యజ్ఞ భసీన్, గురు శంభుగా అనుపమ్ ఖేర్, స్కంధిగా మకరంద్ దేశ్‌పాండే. కథ పరంగా ఇది కొనసాగింపు కాదు. చూసేవాళ్ళ మనసులో మాత్రం కొనసాగింపే. ప్రతి పిల్లవాడూ తన లోపలున్న బొమ్మను వెంట తీసుకునే దీని ముందు కూర్చుంటాడు.

ఇక మావాడి ప్రశ్న. గీసిన మనిషికి బరువు లేదు. కొండ మీద నుంచి పడ్డా నేలకు అతుక్కుపోయి, మరుక్షణం ఉబ్బి లేస్తాడు. అది ఆ లోకం నియమం. మనం దాన్ని ఒప్పుకునే చూస్తాం. అదే చోట రక్తమాంసాలున్న పిల్లవాడిని నిలబెట్టగానే చూసేవాడి ఒళ్ళు మేలుకుంటుంది. వాడి మోకాలు మన మోకాలు లాంటిదే. పడితే చీరుకుపోవాలి. మావాడికి నాలుగు రోజుల ముందే కాలువ గట్టు మీద సైకిల్ జారి మోకాలు గీసుకుంది. వాడు అడిగింది ఆ మోకాలి తరఫున. దానికి ఈ సినిమా జవాబు చెప్పదు. దెబ్బ తిన్న భీమ్ బొమ్మ లేచినంత సులువుగా లేస్తాడు. చుట్టూ ఎడారి, కోట, పాములు కంప్యూటర్ మీద పుట్టినవి కాబట్టి అతను దేన్ని తాకినా ఆ తాకిడి మనకు అందదు. గీతలోని తేలిక పోయింది, ఒంట్లోని నొప్పి రాలేదు. నాకు అసలు లోటు ఇదే.

నటుల తప్పు కాదిది. యజ్ఞ భసీన్ 2020లో వచ్చిన 'పంగా'లో కంగనా రనౌత్ కొడుకుగా కనిపించిన పిల్లవాడు. అమ్మ మళ్ళీ కబడ్డీ ఆడాలని పట్టుబట్టే ఆ కొడుకు ముఖంలో అలక, గర్వం, తెలివి అన్నీ ఆడాయి. అలాంటి ముఖం చేతిలో ఉండి కూడా, ఇక్కడ దాన్ని గెలుపుకే వాడుకున్నారు. గురు శంభు ఎదుట పిల్లలు కూర్చున్నప్పుడు మాత్రం సినిమా ఊపిరి తీసుకుంటుంది. ఒక పెద్దాయన, ఒక పిల్లవాడు, ఇద్దరూ ఒకే గాలి పీలుస్తూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటారు. బొమ్మ ఇవ్వలేనిది అదే.

ఈ చిక్కు మనకు కొత్తది కాదు, పరిష్కారమూ మన దగ్గరే దొరికింది. మా కడప జిల్లా మనిషి బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జూలైలో 'చందమామ' పిల్లల పత్రిక మొదలుపెట్టారు. అదే ఇద్దరి విజయా సంస్థ 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' తీసింది. రెండింటికీ దర్శకుడు తాడిపత్రి మనిషి కె.వి.రెడ్డి. ఒక చేత్తో పిల్లలకు బొమ్మల కథలు అచ్చువేస్తూ, ఇంకో చేత్తో అలాంటి కథలనే మనుషులతో ఆడించినవాళ్ళు వాళ్ళు. భీముడి కొడుకు ఘటోత్కచుడు పెళ్ళివారి భోజనం ముందు కూర్చున్న ఘట్టం తలచుకోండి. లడ్లు వాటంతట అవే లేచి నోట్లోకి వస్తాయి. కంప్యూటర్లు లేని రోజుల్లో మార్కస్ బార్‌ట్లీ కెమెరాతో చేసిన మాయ అది. కానీ మనకు గుర్తుండేది లడ్లు ఎగరడమా? ఎస్.వి.రంగారావు గారి బుగ్గలు, కళ్ళలో వెలుగు, తిండి మీద ఆయనకున్న సంబరం. మాయ గాల్లో జరుగుతుంది, రుచి మాత్రం ఒంట్లో జరుగుతుంది. రెండూ ఒకే చట్రంలో ఉన్నాయి కాబట్టే అరవై ఏళ్ళు దాటినా పిల్లలు నవ్వుతున్నారు. కొడుక్కి దక్కిన ఆ రుచి తండ్రి పేరు పెట్టుకున్న పిల్లవాడికీ దక్కి ఉంటే ఎంత బాగుండేది!

అమెరికాలోనూ ఇదే గొడవ నడిచింది. 1969లో మొదలైన 'స్కూబీ డూ' కార్టూన్‌లో నలుగురు యువతీయువకులు, ఒక కుక్క దయ్యాల గుట్టు పట్టుకుంటారు. చివరికి ముసుగు లాగితే లోపల ఉండేది దురాశ పట్టిన మామూలు మనిషి. మన ఊళ్ళలో తోట కాపలావాళ్ళను బెదరగొట్టడానికి కంబళి కప్పుకుని వచ్చిన దొంగ కథలాంటిదే. 2002లో రాజా గాస్నెల్ దాన్ని మనుషులతో తీశారు, 2004లో రెండో భాగం తెచ్చారు. ఆ రెండో భాగంలో, పాత కార్టూన్‌లో ముసుగులుగా తేలిన భూతాలే ఒక యంత్రం వల్ల నిజం భూతాలై లేస్తాయి. హంగు పెరిగింది, ఆట ఎక్కువైంది. అయితే దయ్యం వెనక మనిషే ఉంటాడని పిల్లలకు వారం వారం ధైర్యం చెప్పిన కార్టూన్ నమ్మకం పలచబడింది. నాకది పెద్ద నష్టంగానే అనిపిస్తుంది. చీకట్లో బావి దగ్గరికి వెళ్ళాల్సిన పిల్లవాడికి ఆ ధైర్యం కావాలి.

అయినా ఆ సినిమాలో కుక్కకు తోడుండే షాగీ వేషం వేసిన మాథ్యూ లిలార్డ్‌ను మరిచిపోలేను. కుక్క కంప్యూటర్ బొమ్మ. చిత్రీకరణలో ఆయన పక్కన అది లేదు. లేని కుక్క మీద ఆయన చెయ్యి వేసిన తీరు, దానితో కలిసి వణికిన తీరు చూస్తే అది అక్కడే ఉందని నమ్ముతాం. తర్వాతి కాలంలో కార్టూన్ షాగీకి గొంతు ఇచ్చే పని కూడా ఆయనకే వచ్చింది. మనిషి బొమ్మలోకి తిరిగి వెళ్ళాడు. ఇలాంటి సినిమాకు ఇంతకంటే పెద్ద బహుమానం ఉంటుందని నేను అనుకోను.

హైదరాబాదులో పుట్టిన బొమ్మ ఇంత దూరం రావడం నాకు గర్వం. మళ్ళీ మనుషులతో తీస్తే నేను మళ్ళీ కూర్చుంటాను. అప్పుడు కోట చిన్నదైనా పర్వాలేదు. లడ్డు తినకముందు భీమ్‌కు ఆకలి వెయ్యాలి, ఎత్తలేనిది ఎత్తబోయి చేతులు వణకాలి, కాలియా చూస్తుండగా సిగ్గుపడాలి. ఇవి బొమ్మలో రెండు గీతలతో దాటిపోయేవి. మనిషి ముఖం మీదైతే నిమిషం సేపు చూడొచ్చు.

మరుసటి రోజు పొద్దున మావాణ్ణి అరటి తోటకు తీసుకెళ్ళినాను. కోసిన గెలలు గట్టు మీద పేర్చి ఉన్నాయి. వాడు ఒకదాన్ని వాటేసుకుని లేపినాడు. మోకాళ్ళ దాకా వచ్చింది. ముఖం ఎర్రగా కందింది, పెదవి కొరుక్కున్నాడు, గెల జారి కింద పడింది. అరిచేతులు తిప్పి చూసుకున్నాడు, గీతలు పడి ఉన్నాయి. నా వైపు చూడలేదు. పక్కనున్న ఎండుటాకు చీల్చి రెండు చేతులకూ చుట్టుకుని, మళ్ళీ వంగినాడు.